‘ఆదరణ కూటం’లో ఆదరణ అంటే ఏమిటి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

మా వీధిలో ఒక క్రైస్తవ కుటుంబంలో పెద్దాయన క్యాన్సర్‌తో పోయారు. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. ‘ఆదరణ కూటము, అందరూ ఆహ్వానితులే’ అని ఉంది. నాకు ఆదరణ అంటే ‘సినిమాకు మంచి ఆదరణ లభించింది’ అనే అర్థమే తెలుసు. చావు జరిగిన ఇంట్లో ఆదరణ ఏమిటి? సంతాప సభ అనాలి కదా? తప్పు పట్టాలని కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. వెళ్ళొచ్చా అన్నది కూడా చెప్పండి.

జవాబు (చిత్తూరు నుంచి)

తప్పకుండా వెళ్ళండి. అందరూ ఆహ్వానితులే అని వాళ్ళు రాసింది మనస్ఫూర్తిగానే.

మాట విషయానికి వస్తే, నేను చిన్నప్పటి నుంచి చర్చిలో వింటూ పెరిగిన మాట ఇది. కానీ దాని గురించి నిజంగా ఆలోచించింది పోయినేడు, మా మేనత్త మంచం పక్కన కూర్చున్నప్పుడే. అందుకని జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆదరము సంస్కృత పదం. మన్నన, శ్రద్ధ, గౌరవం అని అర్థం. పోతన భాగవతం మొదట్లో వినాయకుడికి ‘ఆదర మొప్ప మ్రొక్కిడుదు నద్రిసుతా హృదయానురాగ సంపాదికి’ అన్నాడు. అక్కడ ఆదరం భక్తుడి దగ్గర బయలుదేరి దేవుడి దగ్గరికి పోతోంది. మీరు చెప్పిన సినిమా ఆదరణా అలాంటిదే, జనం దగ్గరి నుంచి పోయేది. తెలుగులో ఇంకో వాడుక కూడా ఉంది. రాజు కవిని ఆదరించాడు అంటాం, దిక్కులేని పిల్లను ఎవరో ఆదరించారు అంటాం. అంటే చేరదీశారు, చోటు ఇచ్చారు, బాగోగులు చూశారు అని. తెలుగు బైబిల్ పట్టుకున్నది ఈ రెండో వాడుకనే. 23వ కీర్తనలో ‘నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును’ అని ఉంటుంది. ఇక్కడ ఆదరణ దేవుడి దగ్గరి నుంచి మనిషికి వస్తోంది. పోతన పద్యానికి ఎదురు దారి.

ఓదార్పు అనే మాట మన సొంతం. బైబిల్‌లో అదీ ఉంది. ‘దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు’ అని మత్తయి 5వ అధ్యాయంలో. విశేషం ఏమిటంటే మూలంలో ఈ రెంటికీ వేరువేరు మాటలు లేవు. యెషయా 40లో ‘ఓదార్చుడి’ అని తెలుగు చేసినదీ, 23వ కీర్తనలో ‘ఆదరించును’ అని చేసినదీ హీబ్రూలో ఒకే క్రియ, నహమ్. అనువాదకులు ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి వాడారు. నియమం ఏదీ నాకు కనిపించలేదు. నా చెవికి మాత్రం ఓదార్పు అంటే ఏడుస్తున్నవాళ్ళ కన్నీళ్ళు తుడవడం. ఆదరణ అంతకంటే ముందే మొదలవుతుంది, మనిషి ఇంకా భయంలో ఉన్నప్పుడే.

మా అత్త సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. క్లోమగ్రంథిలో క్యాన్సర్. కనుక్కునేసరికే లివర్‌కి పాకింది. వేలూరు తీసుకుపోయాం. చిత్తూరు వాళ్ళకు అది అలవాటైన దారే. అక్కడ డాక్టరమ్మ సగం తమిళం, సగం తెలుగులో ‘ఏం తెలుసుకోవాలని ఉందమ్మా మీకు?’ అని ముందు అత్తనే అడిగింది. అత్త ‘అంతా’ అంది. తగ్గేది కాదని, నొప్పి లేకుండా చూసుకోవడం మన చేతిలో ఉందని ఆమె నెమ్మదిగా చెప్పింది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాయించుకుని ఇంటికి వచ్చేశాం.

తర్వాత చూడ్డానికి జనం రావడం మొదలైంది. వేరే ఊరి నుంచి వచ్చిన ఒకాయన, ఎవరో చెప్పను, మంచం దగ్గర నిలబడి గంటసేపు ప్రసంగం చేశాడు. విశ్వాసం ఉంటే మార్ఫిన్ ఎందుకమ్మా, మాత్ర మింగావంటే దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడు. ఆ రాత్రి అత్త మాత్ర వేసుకోలేదు. తెల్లవార్లూ మూలుగుతూనే ఉంది. ఆ మూలుగు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పొద్దున్నే మాత్ర అడిగి మింగి, కాస్త కుదుటపడ్డాక బైబిల్‌లో యోబు 16:2 చదవమంది. ‘మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలుకారు.’ కష్టాల మీద కష్టాలు పడ్డ యోబు, తనను పరామర్శించడానికి వచ్చిన స్నేహితులతో అన్న మాట అది.

నేను చదివాక అత్త టీచరమ్మలాగే అడిగింది, ‘కర్త ఇంకెక్కడ వస్తాడు చెప్పు?’ అని. యోహాను 14:16లో. పరిశుద్ధాత్మకు తెలుగులో పెట్టిన పేరు ‘ఆదరణకర్త’. గ్రీకులో పరాక్లేతోస్, పక్కకు పిలిపించుకున్నవాడు అని. అదే గ్రీకు మాటను 1 యోహాను 2:1లో ‘ఉత్తరవాది’ అన్నారు, అంటే మన పక్షాన మాట్లాడేవాడు. అత్తకు ఉత్తరవాది కోర్టు మాటలాగా అనిపించేదట. ఆదరణకర్త ఇంటి మనిషిలాగా ఉన్నాడు అనేది.

యోబు స్నేహితుల్ని నేను పూర్తిగా తప్పు పట్టను. వాళ్ళు మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు తెరిచాకే కష్టమంతా వచ్చింది.

మా సంఘంలో స్త్రీల సమాజం వాళ్ళు ఆ ఆదివారమే ఒక కాగితం మీద వారాలు రాసి వంటింటి తలుపుకు అంటించారు. రాత్రికి ఇద్దరు. రెండు గంటలకోసారి అత్తను పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. నోరెండితే తడి దూది పెదాలకు అద్దాలి. ఒకామె పల్చటి రాగిజావ తెచ్చేది, రెండు చెంచాలు తాగినా చాలని. ఇంకొకామె తెల్లవారుజామున వచ్చి పక్కబట్టలు మూటకట్టుకుని పోయేది, మా ఇంట్లో ఎండ పడదని వాళ్ళ మిద్దె మీద ఆరేసేది. పాస్టరమ్మ రోజూ సాయంత్రం పది నిమిషాలు వచ్చేది. అత్త పాదం మీద చెయ్యి వేసి ఒక కీర్తన చదివి, చిన్న ప్రార్థన చేసి పోయేది. ఎదురింటివాళ్ళు మా మతం వాళ్ళు కారు. కరెంటు పోతే వాళ్ళ ఇన్వర్టర్ నుంచి వైరు లాగి మా ఫ్యానుకు ఇచ్చేవాళ్ళు. వీళ్ళలో ఎవరూ అత్తను ఓదార్చలేదు. ఓదార్చమని ఆమె అడగనూ లేదు. నాకు ఆదరణ అంటే ఏమిటో తెలిసింది ఆ నలభై రోజుల్లోనే.

వ్యాఖ్య (పలమనేరు)

చదివి మనసు బరువెక్కింది అక్కా. మా పక్క మామూలు మాటల్లో ‘పలకరించేదానికి పోయినాము’ అంటాం. ఆదరణ అని నోటితో అనేది ప్రార్థనలోనే. ఒక సందేహం. దుడ్డుకర్ర అంటే కొట్టేదానికి కదా. అది ఎట్లా ఆదరిస్తుంది?

జవాబు

ఇదే మాట నేనూ అత్తను అడిగాను తమ్ముడూ. మా జేజినాయన మేకలు కాసేవాడు. పొద్దు గూకాక గుట్ట దిగేటప్పుడు మేకలకు ఆయన కనిపించడు. రాళ్ళ మీద కర్ర తట్టుకుంటూ నడిచేవాడట. ఆ చప్పుడు వింటూ మేకలు బెదరకుండా దిగేవి. చప్పుడు ఆగితే నిలబడిపోయేవి. కొట్టడానికి కర్ర ఎత్తితే అది నక్క కోసమేనట. చిన్నప్పుడు ఆయన వెనకాల దిగిన మనిషి కాబట్టి అత్తకు ఆ వచనం కొత్తగా అర్థం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

వ్యాఖ్య (తిరుపతి, నర్సుగా పనిచేస్తున్నాను)

మార్ఫిన్ గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, ఇది ఎవరికైనా పనికొస్తుంది. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకు వెయ్యాలి. డాక్టర్‌ని అడగకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు ఉండాలి. నొప్పికి సరైన మోతాదులో ఇస్తే బానిసలవుతారని భయపడక్కర్లేదు. విశ్వాసానికీ దీనికీ గొడవే లేదు. సిసిలీ సాండర్స్ అనే డాక్టర్ గట్టి క్రైస్తవ విశ్వాసి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరి దశలో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు) తెరిచి, నోటి ద్వారా మార్ఫిన్‌ను క్రమం తప్పకుండా ఇవ్వడం ప్రపంచానికి నేర్పింది ఆమే. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటివాళ్ళ గురించి దిగులు, దేవుడి మీద ప్రశ్న, అన్నీ కలిసి ఒకటే నొప్పి అని ఆమె బోధించేది.

ఇది భాషా గ్రూపు కాబట్టి ఇంకోటి. జబ్బు తగ్గకపోయినా బాధ తగ్గించే ఇలాంటి వైద్యాన్ని మేము పాలియేటివ్ అంటాం, పేపర్లో ఉపశమన చికిత్స అని రాస్తారు. పాలియేటివ్‌కు మూలం లాటిన్‌లో పాలియమ్, పైన కప్పుకునే వస్త్రం. ఉపశమనం అనేసరికి ఆ కప్పడం పోయింది. మీ ఆదరణలో అది ఉన్నట్టు నాకు అనిపించింది.

వ్యాఖ్య (నగరి)

మా ఇంట్లో తమిళ బైబిల్. ఆదరణకర్తను మేము ‘తేట్రరవాళన్’ అంటాం. కీర్తనలో కూడా కోలు, తడి (రెండూ కర్రలే) నన్ను ‘తేట్రుం’ అని ఉంటుంది. మీ తెలుగు ‘తేరుకోవడం’ దీనికి చుట్టమే. ఇంకో తేడా చూశాను. మాకు ఆ వచనంలో ‘మరణ ఇరుళ్’ అని ఉంది, చావు చీకటి. తెలుగులో ‘గాఢాంధకారపు లోయ’ అని మాత్రమే ఉంది. చావు అనే మాట ఎందుకు వదిలేశారు?

జవాబు

చాలా మంచి విషయం పట్టుకున్నారు. హీబ్రూలో అక్కడ ఉన్న మాట చల్‌మావెత్. దాన్ని చావు నీడ అని విడదీసి చెప్పేవాళ్ళున్నారు, ఒట్టి చిక్కటి చీకటి అనేవాళ్ళూ ఉన్నారు. మన అనువాదకులకు రెండూ తెలిసినట్టే ఉంది. అదే మాటకు యెషయా 9:2లో ‘మరణచ్ఛాయగల దేశనివాసులమీద వెలుగు ప్రకాశించును’ అని రాశారు. కీర్తనలో మాత్రం చీకటిని ఉంచి చావును తీసేశారు.

మాకు అది మేలైంది. అత్త దగ్గర రోజూ ఆ కీర్తనే చదివేవాళ్ళం. ఆమెకు అంతా తెలుసు, దాచిపెట్టిందేమీ లేదు. అయినా ఆ గదిలో ఆ మాట పైకి పలకకుండానే ఆ లోయ గుండా నడవగలిగాం. అక్కడి క్రియ కూడా చూడండి, ‘సంచరించినను’. నడుస్తూ ఉండటం. లోయలో పడిపోవడం అని లేదు.

తేరుకోవడం సంగతి నాకు తట్టలేదండీ. ఇది అత్తకు చెప్పి ఉంటే ఎంత సంతోషించేదో.

మొదట అడిగినవారు (తిరుపతి)

నిన్న వెళ్ళొచ్చాను. పాటలు పాడారు, వాక్యం చెప్పారు. ఆయన జబ్బుపడ్డప్పుడు ఎవరెవరు ఏం చేశారో వాళ్ళబ్బాయి ఒక్కొక్కరి పేరూ చెప్పి నిలబడమన్నాడు. ఆటో అతను కూడా ఉన్నాడు. వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు, చెయ్యి మాత్రం పట్టుకున్నాను. సంతాప సభ అనే మాట అక్కడ నిజంగానే అతకదు. అది పోయినవాళ్ళ కోసం పెట్టేది. ఇది ఆమె కోసం పెట్టినట్టుంది.

జవాబు

మీరు వెళ్ళినందుకు చాలా సంతోషం. చెయ్యి పట్టుకున్నారు కదా, ఇంకేం కావాలి.

మా అత్త తన కూటం కార్డు తనే దిద్దింది. ఆఖరి వారంలో నేను చిత్తు రాసి చూపిస్తే ‘మృతి చెందారు’ కొట్టేసి ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాసింది. ‘ఆహ్వానితులు’లో నేను పెట్టిన అక్షరదోషం సరిచేసింది. కింద బంధువుల పేర్లు వరసగా పెట్టాను. వాటికి పైన, వంటింటి తలుపు మీద కాగితంలో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్ళ పేర్లు వెయ్యమంది. ఎదురింటివాళ్ళ పేరు ఏ ఇంటిపేరుతో రాయాలో వెళ్ళి అడిగి రమ్మంది.