శర శశి షట్క చంద్ర: పద్యంలో ఇరవై అంకెలు

పోస్ట్:
తెలుగులో గణితం రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లన పేరున ప్రచారంలో ఉన్న చంపకమాల ఇది. ఇక్కడికి కావలసినంత వరకే ఇస్తున్నాను.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, ఆపైన నాలుగు. ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని? జవాబు పద్యంలోనే ఉంది, ఒక్కో మాట ఒక్కో అంకె: శర 5 (మన్మథుడి బాణాలు), శశి 1, షట్క 6, చంద్ర 1, రంధ్ర 9, వియత్తు 0, తర్క 6, పద్మజాస్య 4 (బ్రహ్మ ముఖాలు). ఇలా కుడి నుంచి ఎడమకి వేసుకుంటూ పోతే 18446744073709551615. కొన్ని ఫోన్ కాలిక్యులేటర్లు చివరి అంకెల్ని మింగేస్తాయి, పద్యంలో ఇరవైకి ఇరవై ఉన్నాయి!

వ్యాఖ్య:
బాగుంది గానీ, లెక్క చెప్పడానికి ఇంత తిప్పలెందుకండీ? అంకెలు వేసేస్తే పోయేదిగా.

జవాబు:
తాటాకు మీద ఒక అంకె ఎగిరిపోతే ఎవరికి తెలుస్తుందండీ? ఇక్కడ ఒక మాట ఎగిరితే గణం తప్పుతుంది, చదివేవాడి చెవికే తెలిసిపోతుంది. 7ని మూడు చోట్ల నగ, భూధర, గిరి అన్నాడు చూడండి. పాండిత్యం చూపించడానికి కాదు. ప్రాస ‘ర’ కాబట్టి ‘భూధర’ విరిగి రెండో పాదంలోకి దిగింది. ‘కుంజర’ సంగతీ అంతే. అక్కడ ‘గజ’ అన్నా విలువ 8 మారదు, ప్రాస పోతుంది.

వ్యాఖ్య:
నాది చిన్న పేచీ. ‘సాయక’ బదులు ‘సాగర’ అని రాశాననుకోండి. గణం అదే, యతీ కుదిరింది. అంకె మాత్రం 5 పోయి 4 అయింది. మీ ఛందస్సు పట్టుకోలేదే?

జవాబు:
పట్టుకోదు మాస్టారూ, అక్కడ లెక్కే పట్టుకోవాలి. గళ్లని వరసగా జతలు చేయండి: 1+2, 4+8, 16+32. ప్రతి జతా 3తో శేషం లేకుండా పోతుంది, కాబట్టి మొత్తం కూడా పోవాలి. అసలు సంఖ్యలో అంకెల కూడిక 87, పోతుంది. ‘సాగర’ పెడితే 86. దొరికిపోయాడు!

వ్యాఖ్య:
సముద్రాలు ఏడు కదా, అబ్ధికి 4 ఎందుకేశారు?

జవాబు:
ఈ పద్ధతిలో ఎక్కువగా 4 అనే తీసుకుంటారు, 7 అనేవాళ్లూ ఉన్నారు. అందుకే శాసనాల్లో తంటా. రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి శాసనం పట్టాభిషేక సంవత్సరాన్ని ‘వేదాంబురాశినిధి’ అంటుంది: 4, 4, 9, అంటే శకం 944, క్రీ.శ. 1022. అంబురాశిని 7 అనుకుంటే 1052కి జారిపోతాం. ఆ శ్లోకంలోనే మాసం, తిథి, నక్షత్రం, గురువారం కూడా ఇచ్చారు కాబట్టి సరిచూసుకునే వీలుంది.