వీణ సాధనకి టచ్ స్క్రీన్ ప్లేయర్ కొనాలా, ఇంట్లో పాత ఫోను చాలా?

బొబ్బిలి నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. వర్ణాలు అయ్యాయి, కృతుల్లోకి వచ్చింది. పాఠం వారానికి ఒక్క రోజే, మిగతా రోజులు రికార్డింగు పెట్టుకుని సాధన. నా ఫోనిస్తే మధ్యలో కాల్స్ వస్తున్నాయి. అందుకని టచ్ స్క్రీన్ ఉన్న మ్యూజిక్ ప్లేయర్ కొందామనుకుంటున్నాను. పదివేలు దాటకూడదు. పాత ఆండ్రాయిడ్ ఫోనొకటి ఉంది, అంచున గాజు పగిలింది గానీ పనిచేస్తోంది. కావలసింది ఇదీ: ఒక సంగతినే (పాటలో ఒక పంక్తిని మార్చి పాడే తీరు) తిప్పి తిప్పి వినాలి, వేగం తగ్గించాలి, 5½ శృతిలో (ఆధార స్వరం ఎత్తు) పాడిన గాత్రాన్ని మా వీణ శృతి 3కి దించాలి. కొనమంటారా?

ఆమదాలవలస ఆడియో
కొనండి. అయితే పెట్టె మీద "టచ్" అని రాసుంటే చాలదు, లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఏదో చూడండి. ఆన్‌లైన్లో రెండు మూడు వేలకి దొరికేవాటిలో సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, బయటి యాప్‌లు ఎక్కవు. ఏ-బీ రిపీట్, అంటే ఎంచుకున్న రెండు చోట్ల మధ్య భాగాన్నే తిప్పి వాయించడం, చాలావాటిలో ఉంటుంది. వేగం మార్చడం కొన్నింట్లోనే. శృతి మార్చడం మాత్రం ఆశపడొద్దు. తెలుగు ఫాంట్ లేకపోతే పాటల పేర్లన్నీ డబ్బాలే, ఉన్నా వత్తులు విడిపోతాయి.

ఆండ్రాయిడ్ నడిచే అసలు ప్లేయర్లయితే మీ మూడు పనులూ యాప్‌తో అవుతాయి, ధరే ఎక్కువ. సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306 2023లో మన దగ్గరికి 25,990 రూపాయలకి వచ్చింది: 3.6 అంగుళాల తెర, 32 జీబీ, మైక్రో ఎస్‌డీ కార్డు. స్పీకరు లేదు, అది గుర్తుంచుకోండి. ఐపాడ్ టచ్ జోలికి పోకండి. 2007లో మొదలై 2022 మేలో ఆగిపోయింది, చివరి మోడల్ కూడా ఐఓఎస్ 15 దగ్గరే నిలిచిపోయింది. సీలు తియ్యని పెట్టె అని అమ్మినా లోపలి బ్యాటరీ ఏళ్లుగా పడున్నదే.

పదివేలలో సెకండ్ హ్యాండ్ ఆండ్రాయిడ్ ప్లేయర్ వెతకండి. ఫోను మాత్రం వద్దు. ఫోనులో ఆండ్రాయిడ్ మిక్సర్ 44.1 కిలోహెర్ట్జ్ పాటని (సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు) 48కి మార్చి వాయిస్తుంది. సంగీతం నేర్చుకునే చెవికి అది మంచిది కాదు.

రాజాం రిపేర్లు
ఆయనకి పాత ఫోనుందని రాస్తే పదివేలు ఖర్చుపెట్టమంటారేటి? బాబూ, ఏటీ కొనకండి. ఇలా చెయ్యండి.

ముందు బ్యాటరీ. ఫోనుని నున్నటి బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల వేలితో తొయ్యండి. గిర్రున తిరిగితే వెనక మూత ఉబ్బినట్టే, బ్యాటరీ మార్చాకే మిగతా పని. తర్వాత సెట్టింగుల్లో గూగుల్ అకౌంట్ తీసేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్. వరస తప్పి, బటన్లు నొక్కి రికవరీలోంచి రీసెట్ కొట్టారంటే పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతూ తాళం పడిపోతుంది. మా దగ్గరికొచ్చే "లాకైపోయిన" ఫోన్లలో ఎక్కువ ఇవే. రీసెట్ అయ్యాక వైఫై మీద వేగం, శృతి మార్చే ఉచిత యాప్ ఒక్కటి దించి, నెట్ ఆపి పాట పెట్టి చూసి, పనిచేస్తే అకౌంట్ మళ్లీ తీసెయ్యండి. యాప్ ఉండిపోతుంది. సిమ్ వద్దు, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. యాప్ పిన్నింగ్ ఆన్ చేస్తే అమ్మాయి చెయ్యి తగిలినా వేరే తెరకి పోదు.

శృతి లెక్క: 5½ నుంచి 3కి నాలుగు సెమిటోన్లు (హార్మోనియం మీద తెలుపూ నలుపూ కలిపి నాలుగు మెట్లు) కిందకి. యాప్‌లో మైనస్ 4. శృతి నిలబెట్టకుండా వేగం ఒక్కటే తగ్గించే ప్లేయరైతే అదే శృతికి రావాలంటే పాట 79 శాతం వేగానికి దిగిపోవాలి, తాళం ఈడుస్తుంది. పాత క్యాసెట్ల నుంచి తీసినవి రెండు శృతుల మధ్యన పడుంటాయి. దానికి సెంట్లలో సరిచేసే మీట ఉన్న యాప్ చూసుకోండి, సెమిటోన్‌కి 100 సెంట్లు.

ఆమదాలవలస ఆడియో
రాజాం గారూ, 44.1 సంగతికి జవాబు రాలేదు.

కంటోన్మెంట్ కుర్రాడు
ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీ డాక్‌కి (డిజిటల్ పాటని ధ్వనిగా మార్చే పరికరం) మార్పు లేకుండా పంపే వీలుంది అన్నా. పాత ఫోనుకి రాదనుకోండి.

రాజాం రిపేర్లు
జవాబు చెప్తాను. ఆయన శృతి మైనస్ 4 చేస్తారు, వేగం 75 చేస్తారు. ఆ రెండు పనులకీ యాప్ ప్రతి శాంపిలూ కొత్తగా లెక్కకట్టాల్సిందే. అలా మారిపోయిన పాటని మీ పాతికవేల ప్లేయర్ బిట్ తేడా లేకుండా పంపితే ఏమి, పంపకపోతే ఏమి? పైగా అమ్మాయి వినేవి బహుశా పాత కచేరీ రికార్డింగులు, 128 కేబీపీఎస్ ఎంపీ3లు. టేపు బుస్సు ముందు 44.1, 48 తేడా ఎవరికి వినబడుతుంది?

ఆమదాలవలస ఆడియో
సాధన వేరు, వినికిడి వేరు. పిల్ల రోజంతా వేగం తగ్గించే వినదు కదా. కచేరీ అలాగే వినేటప్పుడు వీణ నాదం, మీటు తర్వాత మిగిలే ఆ ఊపు సరిగ్గా వినబడాలి. పాత ఫోనుకి జాక్ ఉంటుందో లేదో. లేకపోతే టైప్-సి డాంగిల్ పెట్టాలి, డాక్ లేని చవక డాంగిల్ అన్ని ఫోన్లలో పలకదు, పలికినా వాల్యూము సరిపోకపోవచ్చు. ఛార్జింగూ పాటా ఒకేసారి కుదరవు. బ్యాటరీ మార్చడం తేలికన్నట్టు రాశారు. శ్రీకాకుళంలో ఒక షాపులో వేయించిన బ్యాటరీ వారం తిరక్కుండా ఉబ్బింది, అడిగితే బిల్లు లేదు పొమ్మన్నారు. పాత ఫోను చవక అనేవాళ్లు ఈ ఖర్చు ఎప్పుడూ కలపరు.

నాగావళి గట్టు
బ్లూటూత్ స్పీకరు మీద ఏ-బీ పెడితే ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) తప్పుతుంది, చూసుకోండి. ధ్వని ఆలస్యంగా వస్తుంది, మీరు విని నొక్కేసరికి పాట ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఆక్స్ వైరే మేలు.

వయొలిన్ మేష్టారు, విజయనగరం
ఇంతసేపూ ఒక్కరూ వీణ వాయించే చేతిని తలుచుకోలేదు. ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లకి తీగ మీద జారడానికి కొబ్బరినూనె రాస్తారు. ఆ రెండు వేళ్ల కొసలూ తీగ ఒరిపిడికి కాయకట్టి గట్టిపడతాయి. గట్టిపడిన చర్మాన్ని టచ్ సరిగా పట్టదు, నూనె వేలయితే తెర మీద మరక పరుచుకుని నొక్కింది ఒకచోట, పడేది ఒకచోట. కుడిచేతికి తీగ మిజ్రాబు (మీటడానికి వేలికి పెట్టే తొడుగు) తొడిగితే దాని కొస గాజుకి తగులుతుంది. ప్రతి సంగతికీ వీణ మీంచి చెయ్యి తీసి, తుడుచుకుని, తెర వెలిగించి, చిన్న గీతని వేలితో జరిపి... అయ్యేసరికి చెవిలో ఉన్న గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) పోతుంది.

బటన్లున్న చిన్న ప్లేయర్ చాలు, చూడకుండా నొక్కొచ్చు. కార్డు ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చెయ్యండి, చవకవాటిలో చాలావరకు ఎక్స్‌ఫాట్ చదవవు. పాటలు పేర్ల వరసలో కాక కార్డులోకి ఎక్కిన వరసలో వస్తాయి కనుక 01, 02 అని పేర్లు పెట్టి ఆ వరసలోనే ఒక్కొక్కటీ ఎక్కించండి. 128 కేబీపీఎస్‌లో గంట సంగీతానికి 58 ఎంబీ, 32 జీబీ కార్డులో ఐదొందల గంటలు పడుతుంది. జీవితానికి సరిపడా సంగీతం అది.

రాజాం రిపేర్లు
మేష్టారూ, మీరు చెప్పిన నూనె మాట నిజం. దానికి విరుగుడుంది. కాలితో నొక్కే బ్లూటూత్ పెడల్ ఫోనుకి కలుస్తుంది, ప్లే-పాజ్, ఏ, బీ దానికి కేటాయించుకునే యాప్‌లున్నాయి. వైరు ఇయర్‌ఫోన్ మీది బటన్ కూడా ప్లే-పాజ్ చేస్తుంది. మీ బటన్ ప్లేయర్‌లో శృతి ఎలా దించుతారు?

వయొలిన్ మేష్టారు, విజయనగరం
దించనక్కర్లేదు.

రాజాం రిపేర్లు
దించకపోతే ఎలాగండి? 5½ పాటతో 3 వీణ కలిపి వాయిస్తే వినేవాళ్లు లేచిపోతారు.

వయొలిన్ మేష్టారు, విజయనగరం
కలిపి వాయించొద్దంటున్నాను. విను, ఆపు, నీ శృతిలో పాడుకో, అప్పుడు వాయించు. స్వరస్థానం చెవి పట్టుకోవాలి, యంత్రం కాదు. ఇక వేగం. ఆ యాప్ ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి సాగదీస్తుంది. 75 వరకూ ఫరవాలేదు. 50కి దించితే మీటు రెండుసార్లు పడ్డట్టు వినబడుతుంది, కంపితం (స్వరాన్ని వణికించే గమకం) కాస్తా ఊగులాట అవుతుంది. పిల్ల ఆ ఊగులాటనే గమకం అనుకుని తీగ లాగుతుంది. తర్వాత దాన్ని మాన్పించడానికి గురువుకి నెలలు పడుతుంది.

రాజాం రిపేర్లు
మీరు విజయనగరంలో ఉన్నారు కాబట్టి అలా అంటారు. 1919 నాటి సంగీత కళాశాల మీ వీధి చివర. పాఠం కావాలంటే నడిచి వెళ్తారు. బొబ్బిలి అమ్మాయికి వారానికి ఒక్క పాఠం. మిగతా ఆరు రోజులు చెవిలో ఏటి పెట్టుకోమంటారు? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణ చేసిస్తాం, నేర్పేవాళ్లు మాత్రం పట్నంలోనే ఉండాలా?

వయొలిన్ మేష్టారు, విజయనగరం
నేనన్నదేమిటి, మీరంటున్నదేమిటి? పట్నం పల్లె అన్నానా? ఎవరో కచేరీలో ఆ రోజు మనోధర్మం కొద్దీ, అప్పటికప్పుడు అల్లి వేసిన సంగతిని పిల్ల వందసార్లు తిప్పి వేళ్లకి ఎక్కించుకుంటుంది. పాఠానికి వెళ్తే గురువు వేరే పాఠాంతరం (అదే కృతి తమ పరంపరలో వచ్చిన రూపం) చెప్తారు. వేళ్లు ఒప్పుకోవు. అప్పుడు తప్పు గురువుదవుతుంది. ఇలా పాఠాలు మానేసినవాళ్లు ఎంతమంది!

ఆమదాలవలస ఆడియో
అయితే ఇందాకటి నుంచీ గొడవ టచ్ గురించి కాదు, ఫోను గురించీ కాదు. పిల్ల కచేరీ రికార్డు నుంచి పాట ఎత్తుకోవచ్చా కూడదా అని. అది తేలకుండా ఏ ప్లేయరని మనం ఎలా చెప్తాం?

రాజాం రిపేర్లు
మేష్టారు కూడదంటారు, నేను తప్పదంటాను.

బొబ్బిలి నాన్న
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. పాప పెట్టుకునేవి కచేరీలే. గురువుగారి పాఠం రికార్డు చెయ్యలేదు, అడగడానికి మొహమాటపడ్డాం.

వయొలిన్ మేష్టారు, విజయనగరం
అయ్యో, ముందే చెప్పొద్దా అండీ! గురువుగారిని అడగండి. పాఠం చెప్పేటప్పుడు ఆవిడే విలంబంగా వాయిస్తారు, వేగం తగ్గించక్కర్లేదు. శృతి మీ వీణదే, దించక్కర్లేదు. పాఠాంతరం ఒక్కటే ఉంటుంది. కచేరీలు వినడానికి ఉంచండి, ఎత్తుకోవడానికి కాదు. అవి రాత్రి పడుకునే ముందు విన్నా చాలు.

రాజాం రిపేర్లు
ఆవిడ ఒప్పుకుంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ తిప్పి తిప్పి వినడం అప్పుడూ కావాలి మేష్టారూ. ఏ-బీని సంగతి ముక్కకి పెట్టొద్దు, ఎడుపుకి ముందున్న సమం (తాళం మొదటి దెబ్బ) నుంచి పూర్తి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పెట్టండి, ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలూ. ముక్క పెడితే ప్రతిసారీ తాళం తెగి, పిల్ల ఎక్కడ ఎత్తుకోవాలో మర్చిపోతుంది.

వయొలిన్ మేష్టారు, విజయనగరం
ఆవర్తనం పెడితే ఒప్పుకుంటాను. సగం వేగం మాత్రం వద్దు.

ఆమదాలవలస ఆడియో
రికార్డు చెయ్యడానికి పాత ఫోను సరిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. కచేరీలు వినడానికి మంచి ప్లేయర్ ఉండాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. పాప చెవి తయారయ్యే వయసిది. ఇప్పుడు పదివేలు పెట్టి సగం పనిచేసేది కొనేకంటే డబ్బు ఆపుకుని తర్వాత మంచిది కొనండి.

బొబ్బిలి నాన్న
అయితే ఇప్పుడేమీ కొనను. రాబోయే పాఠానికి గురువుగారిని అడిగి పాత ఫోనులో రికార్డు చేస్తాం. ఫోను ఎక్కడ పెట్టాలి? ఒకసారి ఇంట్లో వీణ పక్కనే పెట్టి చూస్తే దబదబమని చప్పుడే ఎక్కువొచ్చింది.

రాజాం రిపేర్లు
వీణ ఉన్న పలక మీదే పెట్టుంటారు, చెక్క అదురు మైకులోకి ఎక్కుతుంది. వేరే పీట వేసి, మడతపెట్టిన తువ్వాలు మీద, వీణ కుండకి (గుండ్రటి పెద్ద బుర్ర) ఎదురుగా మూడడుగుల దూరంలో పెట్టండి. ఫ్యాను గాలి మైకుకి తగలకూడదు. రికార్డింగు యాప్‌లో ఆటో గెయిన్ (ధ్వనిని తనే పెంచి తగ్గించేది) ఉంటే ఆపెయ్యండి, లేకపోతే మీటు దగ్గర నొక్కేసి, నాదం సన్నబడే చోట ఫ్యాను హోరు పైకి తెస్తుంది. డబ్ల్యూఏవీలో (కుదించని ఫైలు) తీస్తే నిమిషానికి ఐదు నుంచి పది ఎంబీ, గంట పాఠానికి ఖాళీ ఉందో ముందు చూసుకోండి. కార్డు కొత్తగా కొంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో పూర్తిగా నింపి సరిచూడండి. దొంగ కార్డులో పాఠం మొదటి భాగం బాగానే ఉంటుంది, చివర పోతుంది.

వయొలిన్ మేష్టారు, విజయనగరం
రికార్డు మొదలయ్యాక ముందు శృతి ఒక నిమిషం వాయించమనండి. ఇంట్లో పాప వీణని దానికే కలుపుకుంటుంది.