అప్‌డేట్: ఊరికే ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్, దోషి దొరికింది

నా సమస్య గుర్తులేని వారికి: ఎనిమిది కోర్ల ప్రాసెసర్, కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఒక్కో కోరుకు అందే వోల్టేజీని సవరించే సెట్టింగ్) అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టాను, అంటే వోల్టేజీ తగ్గించాను. అన్ని కోర్లకూ పూర్తి పని పెట్టే ఒత్తిడి పరీక్ష రాత్రంతా నడిచినా చెక్కుచెదరలేదు. పొద్దున్నే బ్రౌజర్ తెరిచి ఏదో చదువుకుంటుంటే మాత్రం తెర నల్లబడి రీస్టార్ట్ అయ్యేది.

ర్యామ్‌ను మామూలు వేగానికి దించాను, తేడా లేదు. పవర్ సప్లై మార్చమన్న సలహా పాటించనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే లోపాల చిట్టా) చూడమన్న వారి మాటే ఫలించింది. ప్రతి రీస్టార్ట్ తరువాతా హార్డ్‌వేర్ లోపమంటూ 18వ నంబరు ఈవెంట్ ఉంది. అందులో ఏపీఐసీ ఐడీ (లోపం ఏ థ్రెడ్‌లో వచ్చిందో చెప్పే సంఖ్య) ఒకసారి 10, మరోసారి 11. కోరుకు రెండేసి థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) కనుక, సున్నా నుంచి లెక్కపెడితే రెండూ 5వ కోరువే.

అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు వేగం కాస్త తగ్గుతుంది, ఉన్న వోల్టేజీ సరిపోతుంది. పని తేలికైనప్పుడు ఒక్క కోరే గరిష్ఠ వేగానికి ఎగురుతుంది. నేను కోసేసిన వోల్టేజీ అవసరమయ్యేది సరిగ్గా అక్కడే. పైగా ఈ 5వది నా ప్రాసెసర్‌లో అన్నిటికంటే మెరుగైన కోరు! అందరికంటే ఎత్తుకు దూకేదీ అదే మరి.

దాన్ని మైనస్ 10కి తెచ్చి, కోర్లను ఒక్కొక్కటిగా పరీక్షించాను. నలభై నిమిషాలకు 2వ కోరు లెక్క తప్పింది, దాన్ని మైనస్ 20 చేశాను. తొమ్మిది రోజులైంది, ఒక్క రీస్టార్ట్ లేదు. నిద్రావస్థ నుంచి లేపే పరీక్ష ఇంకా మిగిలి ఉంది.