కొత్త రోడ్డు వేసిన వెంటనే పైపుల కోసం తవ్వేస్తారెందుకు? మున్సిపల్ పనులు తెలిసినవాళ్ళు చెప్పండి

వీధిచివరిఇల్లు:

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళ నుంచి బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది, మున్సిపల్ పనులు దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

మా వీధి ఏళ్ళ తరబడి గుంతలే. అర్జీలు పెట్టగా పెట్టగా కౌన్సిల్‌లో పాసయి తారు రోడ్డు పడింది. బాగానే వేశారు, నేనేం వంక పెట్టను. ఆ సంబరం తీరకముందే మంచినీళ్ళ లైను వాళ్ళు దిగి ఈ కొస నుంచి ఆ కొస దాకా తవ్వేశారు. పైపు దించి, తీసిన మట్టే మళ్ళీ జేసీబీతో లోపలికి తోసేసి, పైపైన ఇంత కాంక్రీటు పూసి చక్కా పోయారు. గట్టి వానలు పడేసరికి ఆ పట్టీ మొత్తం కుంగి కూర్చుంది, బండి చక్రం అందులో పడిందంటే హ్యాండిల్ దానంతట అదే తిరిగిపోతోంది.

వార్డు మెంబర్‌ని అడిగితే "అది వేరే హెడ్ అండీ, మా చేతిలో లేదు" అన్నారు. రోడ్డు వేసేదీ కౌన్సిలే, నీళ్ళిచ్చేదీ కౌన్సిలే, ఒకే బిల్డింగులో కూర్చునేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోరా? పైపు ముందేసి రోడ్డు తర్వాత వేస్తే ఎవరి సొమ్ము పోయింది? త్వరలో వార్డు మీటింగ్ ఉంది, ఊరికే అరిచి రావడం కాకుండా అక్కడ ఏం అడిగితే పని జరుగుతుందో చెప్పండి ప్లీజ్.

అంతా_కమీషనే:

దీనికి ఇంజనీరింగ్ దాకా ఎందుకు బ్రో, ఒకే రోడ్డు మీద రెండు బిల్లులు, అంతే. తవ్వితే ఒక కాంట్రాక్టర్, పూడిస్తే ఇంకో కాంట్రాక్టర్. మీటింగ్‌కెళ్ళి టైం వేస్ట్ చేసుకోకు.

రోలర్‌బండి:

కమీషన్లు లేవని నేననను, మున్సిపల్ పనుల్లోనే రిటైరయ్యాను కాబట్టి అస్సలు అనను. కానీ అంతా దాని మీదే తోసేస్తే అసలు సంగతి పక్కకి పోతుంది. పని నిజాయితీగా నడిచే చోట కూడా రోడ్డు తవ్వుతారు, తవ్వక తప్పదు. తేడా అంతా మూసే దగ్గరుంది.

జేసీబీతో లోపలికి తోసేశారు అని రాశారు చూడండి, మీ రోడ్డు పోయింది సరిగ్గా అక్కడే. ట్రెంచ్ పూడ్చడానికి ఒక పద్ధతుంది. పైపు కిందా చుట్టూ ఇసుక, దాని మీద పొరలు పొరలుగా మెటీరియల్, ఒక్కో పొర 150 నుంచి 200 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా ఉండదు, కాస్త తడిపి ప్లేట్ కాంపాక్టర్‌తోనో ర్యామర్‌తోనో దిమ్మిస కొట్టాలి, అది గట్టిపడ్డాకే పై పొర. తీసిన మట్టి జిగట మట్టయితే అది పనికే రాదు, బయటికి తోలేసి గ్రావెల్‌తోనో క్రషర్ డస్ట్‌తోనో నింపాలి. ఇదంతా చెయ్యడానికి పైపు వెయ్యడం కంటే ఎక్కువ టైం పడుతుంది ఒక్కోసారి, పైగా పూడ్చేశాక లోపల ఏం చేశారో ఎవరికీ కనపడదు, అందుకే అందరూ ఎగ్గొట్టేది ఇక్కడే. మొత్తం ఒకేసారి నింపి పైన రోలర్ తిప్పితే పైన కొంత మందం మాత్రమే బిగుస్తుంది, కింద డొల్లే. వాన నీళ్ళు దిగాక మట్టి సర్దుకుని కిందికి కూర్చుంటుంది, పైన కాంక్రీటు పెంకు మాత్రం గాల్లో ఉంటుంది, బరువు బండి ఎక్కగానే ఠప్పుమంటుంది.

రెండోది అంచులు. ట్రెంచ్ వెడల్పుకి సరిగ్గా తారు వేస్తే పాత తారుకీ కొత్త తారుకీ మధ్య సందు మిగులుతుంది. ట్రెంచ్‌కి రెండు పక్కలా ఇంకొంత కట్టర్‌తో నీటుగా కోసి, కదలని గట్టి నేల మీద కొత్త తారు అంచు కూర్చునేలా వెయ్యాలి, అంచుకి వేడి బిటుమెన్ పూసి సీల్ చెయ్యాలి. ఆ సందు వదిలేస్తే నీళ్ళు అందులోంచే బేస్‌లోకి దిగుతాయి. పైన గుంత కనపడే టైముకి కింద ఎప్పుడో పాడై ఉంటుంది.

ఇంకోటి, స్కూటర్ల వల్లా కార్ల వల్లా రోడ్డు పెద్దగా పోదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర రకరకాల బరువులతో లారీలు అదే పనిగా తిప్పి పెద్ద రోడ్ టెస్ట్ చేశారు, దాన్నుంచి వచ్చిన లెక్క ఏంటంటే యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకయ్యే డ్యామేజీ దాదాపు 16 రెట్లు. మీ వీధిలోకి వచ్చే బరువైన బళ్ళు ఏవో లెక్కేసుకోండి, చెత్త లారీ, నీళ్ళ ట్యాంకరు, రెండూ చాలా చోట్ల కౌన్సిల్‌వే. వాళ్ళు పూడ్చిన ట్రెంచ్‌ని వాళ్ళ బళ్ళే విరగ్గొడతాయి.

నీళ్ళట్యాంకు:

నేను వాటర్ సప్లై వైపు మనిషిని, తిట్లన్నీ మాకే కాబట్టి మా వైపు నుంచి కూడా కాస్త వినండి 😀

భూమిలో లైన్లన్నిటికీ ఒక వరస ఉంటుంది. అన్నిటికంటే కింద డ్రైనేజీ లైను, ఎందుకంటే దానికి మోటారు లేదు, వాలు మీదే పారాలి, లోపల నీళ్ళు సెకనుకి సుమారు 0.6 మీటర్ల వేగమైనా అందుకోకపోతే మడ్డి పేరుకుపోయి మ్యాన్‌హోల్ పైకి తన్నుతుంది. అందుకని దాని లెవెల్స్ ముందు ఫిక్స్ చేసి మిగతావన్నీ దానికి తగ్గట్టు సర్దుకోవాలి. మంచినీళ్ళ లైను ప్రెజర్ మీద నడుస్తుంది కాబట్టి ఎత్తుపల్లాలున్నా ఫర్లేదు, డ్రైనేజీకి పైన, వీలైనంత దూరంగా వేస్తాం. కేబుళ్ళు ఇంకా పైన, ఫుట్‌పాత్ కిందైతే మరీ మంచిది. ఈ వరస ప్రకారం కింద నుంచి పైకి పని చేసుకుంటూ వచ్చి ఆఖర్న రోడ్డు వెయ్యాలి, ఇది తెలియని ఇంజనీరు ఎక్కడా ఉండడు.

లీకు మాత్రం వేరే కథ. లీకైతే నీళ్ళు వేస్టవుతాయి అని మాత్రమే అనుకుంటారు జనం. సప్లై ఆపినప్పుడు పైపులో ప్రెజర్ పడిపోతుంది కదా, అప్పుడు అదే లీకు రంధ్రంలోంచి బయటి మురికి నీళ్ళు లోపలికి లాగేస్తుంది, మళ్ళీ వదిలినప్పుడు అవే ఇళ్ళకి వెళ్తాయి. కాబట్టి లీకు దొరికితే కొత్త రోడ్డా పాత రోడ్డా అని చూడం, తవ్వాల్సిందే.

కానీ మీ వీధిలో జరిగింది లీకు కాదు, కొత్త లైను. ప్లాన్‌లో ఉన్న పని, దానికి మా వాళ్ళని నేను వెనకేసుకు రాను. ఇంకోటి చెప్తా వినండి, పెద్ద లైను ఒక్కసారే తవ్వుతారు, ఆ తర్వాత రోడ్డుని ముక్కలు ముక్కలు చేసేవి ఇంటింటి కనెక్షన్లు. రోడ్డు వెయ్యకముందే అవతలి పక్క ఇళ్ళకి, ఖాళీ స్థలాలకి కూడా, రోడ్డు అడ్డంగా దాటేలా కనెక్షన్ పైపులో ఖాళీ గొట్టాలో వేసి మూత పెట్టి వదిలేస్తే ఆ తర్వాత అడ్డంగా కొయ్యడాలు బాగా తగ్గిపోతాయి. దీనికయ్యే ఖర్చు రోడ్డు ఖర్చు ముందు లెక్కలోకే రాదు, అయినా ఎస్టిమేట్‌లో కలపమంటే ఎవరూ కలపరు.

బడ్జెట్_పురుగు:

వార్డు మెంబర్ చెప్పిన "వేరే హెడ్" తప్పించుకునే మాటే, కాకపోతే అందులో కొంత నిజం ఉంది. హెడ్ అంటే పద్దు. రోడ్డుకని వచ్చిన గ్రాంటు రోడ్డుకే వాడాలి, నీళ్ళ స్కీముకని వచ్చింది నీళ్ళకే. రెండు పద్దుల డబ్బూ ఒకే టైముకి రాదు. రోడ్డు గ్రాంటుకి గడువుంటుంది, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది, పైపుల స్కీము ఇంకా ఏదో టెక్నికల్ శాంక్షన్ (ఇంజనీర్ల ఆమోదం) దగ్గర ఆగి ఉంటుంది. ఇప్పుడు రోడ్డు ఆపితే డబ్బు పోతుంది, పైగా "ఇన్నాళ్ళకి శాంక్షనైన రోడ్డు ఎందుకు ఆపారు" అని మీరే మెంబర్ ఇంటి ముందు కూర్చుంటారు, అవునా కాదా? కాబట్టి చాలాసార్లు వాళ్ళు ఒకరికొకరు చెప్పుకోక కాదు, తెలిసి తెలిసే వేస్తారు, అదే నాకు ఎక్కువ మండేది.

పైగా కొత్త పనికి దొరికినంత ఈజీగా మెయింటెనెన్స్‌కి డబ్బు దొరకదు. కొత్త రోడ్డుకి శిలాఫలకం ఉంటుంది, డ్రైన్‌లో పూడిక తీసినందుకు ఎవరు వేస్తారు ఫలకం? రోడ్డు బాగున్నప్పుడే పగుళ్ళు సీల్ చేసి పక్కన డ్రైను శుభ్రంగా ఉంచితే ఎన్నో ఏళ్ళు వస్తుంది, పూర్తిగా పోయేదాకా ఆగి మళ్ళీ మొదట్నుంచి వేస్తే అయ్యే ఖర్చే వేరు. అయినా కౌన్సిల్ అజెండాలో ఎక్కేది రెండోదే.

బయట దేశాల్లో దీన్ని రూల్‌తో కట్టడి చేద్దామని చూశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్తగా వేసిన వీధిని 5 ఏళ్ళ దాకా తవ్వకూడదు, ఎమర్జెన్సీ లాంటివి తప్ప. బ్రిటన్‌లో 1991లో చట్టం తెచ్చారు, పెద్ద రిపేరు చేసిన రోడ్డు మీద కొంతకాలం తవ్వకాలు ఆపే పవర్ అందులో ఉంది, ఇంగ్లండ్‌లో తవ్వినవాడు తను మూసిన దానికి 2 ఏళ్ళు గ్యారంటీ ఇవ్వాలి, లోతు 1.5 మీటర్లు దాటితే 3 ఏళ్ళు. లండన్‌లో 2012 నుంచి ఇంకో అడుగు వేశారు, బాగా రద్దీ ఉండే రోడ్లని రద్దీ టైములో తవ్వి ఆక్రమిస్తే రోజుకి 2,500 పౌండ్ల దాకా అద్దె కట్టాలి. అద్దె అనేసరికి పని రాత్రిళ్ళు చెయ్యడం, గబగబా ముగించడం అన్నీ వాటంతటవే వస్తాయి.

అయితే నా అభిప్రాయం అడిగితే ఒట్టి నిషేధం పెట్టి లాభం లేదు. "తవ్వకూడదు" అని రాయగానే ప్రతి పనీ ఎమర్జెన్సీ అయిపోతుంది. మూసినదానికి గ్యారంటీ అడగడం, అది పోతే డిపాజిట్ లోంచి కోసెయ్యడం, ఇదే పని చేస్తుంది.

వీధిచివరిఇల్లు:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. మెంబర్ ఇంటి ముందు కూర్చునే మాట నిజమే, మా వీధి వాళ్ళు కచ్చితంగా కూర్చునేవాళ్ళు 😅

రెండు డౌట్లు. ఒకటి, ఇదంతా లేకుండా రోడ్డు కింద టన్నెల్ లాంటిది కట్టేసి లైన్లన్నీ అందులో పెట్టేస్తే గొడవే ఉండదు కదా, ఎందుకు కట్టరు? రెండు, ఇప్పుడు ఈ కుంగిన పట్టీని ఎవరు బాగుచెయ్యాలి? రోడ్డు కాంట్రాక్టర్ నాకు సంబంధం లేదంటున్నాడు, పైపు కాంట్రాక్టర్ ఫోనే ఎత్తడు.

రోలర్‌బండి:

టన్నెల్ ఐడియా పాతదే. ప్యారిస్‌లో 19వ శతాబ్దంలో కట్టిన పెద్ద డ్రైనేజీ సొరంగాల్లోనే మంచినీళ్ళ పైపులు కూడా వెళ్తాయి, మనిషి లోపలికి నడిచి వెళ్ళి రిపేరు చేసుకోవచ్చు. జపాన్‌లో 1963లో దీని కోసమే ఒక చట్టం చేశారు. మెయిన్ రోడ్ల కింద, కొత్తగా కట్టే ఏరియాల్లో చాలా మంచిది. ఇళ్ళు కట్టేసిన ఇరుకు వీధిలో కష్టం, ఉన్న లైన్లన్నీ నడుస్తుండగానే పక్కకి జరపాలి, ఖర్చంతా ముందే పెట్టాలి, మళ్ళీ ప్రతి ఇంటికీ అందులోంచి బయటికి తియ్యాల్సిందే. మీ వీధికి పైన నీళ్ళట్యాంకు గారు చెప్పిన అడ్డ గొట్టాలే కరెక్ట్.

రెండోదానికి వస్తే, మీటింగ్‌లో మీరు పట్టుకోవాల్సింది ఇదే. రోడ్డు కాంట్రాక్టర్‌కి డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది, ఆ టైములో రోడ్డు పాడైతే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. కానీ మధ్యలో వేరేవాడు కోశాడంటే వాడు చేతులు దులుపుకుంటాడు, అది కొంతవరకు న్యాయమే. కాబట్టి కోసిన క్షణం నుంచి ఆ పట్టీ బాధ్యత కోసినవాడి మీద పడాలి, పడేలా కాగితం ఉండాలి. రోడ్ కటింగ్ పర్మిషన్ తీసుకున్నారా, రెస్టోరేషన్ ఛార్జీలు, అంటే కోసినదాన్ని మళ్ళీ బాగుచేసే ఖర్చు, ఎవరు కట్టారు, ఆ డబ్బు రోడ్ల సెక్షన్‌కి అందిందా, మూసినప్పుడు సైట్‌లో ఇంజనీరు ఎవరున్నారు, ఇవి అడగండి. చివరిగా మెజర్‌మెంట్ బుక్. పూడ్చిన పనికి బిల్లు ఇవ్వాలంటే కొలతలు అందులో ఎక్కాలి. పొరలు పొరలుగా కాంపాక్షన్ చేసినట్టు అందులో రాసి బిల్లు తీసుకుని ఉంటే, రోడ్డేమో అలా కుంగి ఉంటే, ఇక ఆ రాసినాయన, సంతకం పెట్టినాయన సమాధానం చెప్పుకోవాలి.

అంతా_కమీషనే:

ఇవన్నీ బాగానే ఉన్నాయి సార్, కానీ ఆ బుక్ చూపిస్తారా ఎవరైనా? మీటింగ్‌లో "చూస్తాం" అంటారు, టీ తాగి లేస్తారు.

బడ్జెట్_పురుగు:

నోటితో అడిగితే అంతే. ముందురోజే కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి, మీటింగ్‌లో ఆ కాగితం చదివి మినిట్స్‌లో ఎక్కించమనండి. మినిట్స్‌లో లేని మాట అనలేదనే లెక్క. ఇంకొకటి కూడా అడగండి, వచ్చే ఏడాది రోడ్ల పనుల లిస్టు, పైపులు డ్రైనేజీ పనుల లిస్టు రెండూ ఒకే మ్యాప్ మీద పెట్టి కౌన్సిల్‌లో చూపించమనండి. రెండూ ఒకే వీధి మీద పడితే ఏది ముందో అక్కడే తేలాలి. దీనికి పైసా ఖర్చు లేదు, వద్దనడానికి సాకు దొరకదు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే అనే సిటీలో 1989 నుంచి ఏ వీధికి ముందు డ్రైనేజీ వెయ్యాలి, ఎక్కడ రోడ్డు వెయ్యాలి అన్నది జనమే మీటింగుల్లో కూర్చుని వరస తేల్చేవాళ్ళు, మనం అంత అడగట్లేదు, లిస్టు ముందే చూపించమంటున్నాం అంతే.

రోలర్‌బండి:

ఫొటో తీసేటప్పుడు ఊరికే గుంత తియ్యకండి. తిన్నని కర్ర ఒకటి పట్టీకి అడ్డంగా రోడ్డు మీద ఆనించి, కర్రకీ కుంగిన చోటుకీ మధ్య స్కేలు నిలబెట్టి లోతు అంకె కనపడేలా తియ్యండి. అలా తీస్తే "చిన్న ఎత్తుపల్లమే లెండి" అనడానికి ఎవరికీ నోరు రాదు.

వీధిచివరిఇల్లు:

కర్ర ఐడియా సూపర్ అండి. ఇంకో న్యూస్, ఇవాళ పొద్దున్న ఎవరో కేబుల్ వాళ్ళు వచ్చి మా రోడ్డు మీద సున్నంతో గీత వేసి వెళ్ళారు. మిగిలిన అవతలి సగం మీద 🙏

నీళ్ళట్యాంకు:

రేపు పొద్దున్నే మళ్ళీ వస్తారు చూడండి. పార దిగకముందే పర్మిషన్ కాపీ అడగండి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత లోతు, ఎప్పటిలోగా మూస్తారు అన్నవి అందులో ఉండాలి. లేకపోతే వెంటనే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఫోన్ చేసి పని ఆపించండి. మా పైపు ఆ పట్టీలో ఎంత లోతులో ఉందో కూడా వాళ్ళకి చెప్పమనండి, లేకపోతే దాన్నే పగలగొట్టి మళ్ళీ నన్నే పిలుస్తారు.