ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, అయినా న్యూస్‌లెటర్ మొత్తం స్పామ్‌లోకే పోతోంది, ఎవరైనా చూడండి

లేఖావళి:
ఐదు గంటలుగా దీనితోనే కుస్తీ. ఇక బుర్రకు ఏమీ తట్టడం లేదు. మా వారపు న్యూస్‌లెటర్ పొద్దున పంపితే దాదాపు అందరికీ స్పామ్‌లో పడింది. పోయిన వారం దాకా ఇన్‌బాక్స్‌లోనే పడేది. జాబితా అదే, టెంప్లేటు అదే, పంపే సర్వీసూ అదే. ఆన్‌లైన్ చెకర్‌లో పెడితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మా డొమైన్‌దేనా అని తేల్చే తనిఖీలు) మూడూ పచ్చగా చూపిస్తోంది. సబ్జెక్టు మార్చాను, బొమ్మలు తీసేశాను, లింకులు రెండుకు తగ్గించాను, ఇరవైసార్లు టెస్ట్ మెయిల్ పంపాను. అన్నీ స్పామే. నేను మాత్రం ఏమీ మార్చలేదు. రేపు సాయంత్రం కోర్సు ప్రకటన వెళ్లాలి. ఎక్కడ చూడాలో చెప్పండి.

మొలక_మార్కెటర్:
జాబితా ఎంత పాతదో ముందు అది చెప్పండి. అందరూ డీఎన్ఎస్ (డొమైన్ రికార్డులుండే చోటు) తవ్వుతారు గానీ సగం జబ్బు జాబితాలోనే ఉంటుంది. ఆరు నెలలుగా ఒక్క లింకూ నొక్కనివాళ్లను పక్కకు తీయండి. ఓపెన్ రేటు బాగానే ఉందని మాత్రం అనకండి, ఆ అంకెను నమ్మే రోజులు 2021తో పోయాయి. ఆ ఏడాది ఐఓఎస్ 15తో యాపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ వచ్చింది. అది ఆన్‌లో ఉన్నవాళ్లకు వచ్చే మెయిల్‌లోని బొమ్మలను, తెరిచారో లేదో చెప్పే ట్రాకింగ్ పిక్సెల్‌తో సహా, యాపిల్ సర్వర్లే ముందుగా దించి పెట్టుకుంటాయి. మనిషి తెరవకపోయినా తెరిచినట్టే లెక్క పడుతుంది. క్లిక్కులకూ ఇదే బెడద. కంపెనీల సెక్యూరిటీ స్కానర్లు మెయిల్ రాగానే అందులోని లింకులన్నీ తామే తెరిచి చూస్తాయి. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే ఒకే చందాదారు పేరు మీద అన్ని లింకులకూ క్లిక్కు పడితే అది స్కానరే అనుకోవచ్చు. వాటిని తీసేశాక మిగిలేదే అసలు పాఠకుల లెక్క. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉండాలి, 0.3 దాకా ఎప్పుడూ పోనివ్వకూడదు.

జోన్‌ఫైలు:
హెడర్ (మెయిల్ లోపలి సాంకేతిక వివరాలు) పెట్టండి. చెకర్ స్క్రీన్‌షాట్ వద్దు. స్పామ్‌లో పడిన మెయిల్‌ది కావాలి. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూ, షో ఒరిజినల్. ఆథెంటికేషన్ రిజల్ట్స్ అన్న లైను చాలు. చందాదారు అడ్రసు చెరిపేయండి.

పాతదారి:
అంత దూరం ఎందుకండి, పంపే సర్వీసు ఇచ్చిన ఇన్‌క్లూడ్ (వాళ్ల సర్వర్లకు అనుమతినిచ్చే మాట) మీ ఎస్‌పీఎఫ్‌లో లేకపోయి ఉంటుంది. డీఎన్ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డు కలపండి, సరిపోతుంది.

లేఖావళి:
@పాతదారి కలిపాను. తేడా ఏమీ లేదు.
@జోన్‌ఫైలు ఇదిగోండి, డొమైన్ పేర్లు మార్చి పెడుతున్నా:

ఎస్‌పీఎఫ్=పాస్, ఎన్వలప్ అడ్రసు బౌన్స్.సర్వీసుడొమైన్.నెట్
డీకిమ్=పాస్, డి=సర్వీసుడొమైన్.నెట్
డీమార్క్=ఫెయిల్, పి=క్వారంటైన్, ఫ్రమ్ మాడొమైన్.కామ్

డీమార్క్ ఫెయిల్ అని ఉంది! చెకర్‌లో పచ్చగా ఉన్నది ఇక్కడ ఫెయిల్ ఎలా అయింది? మిగతా రెండూ పాస్ అయ్యాయి కదా?

జోన్‌ఫైలు:
పి=క్వారంటైన్ ఎప్పుడు పెట్టారు?

లేఖావళి:
శుక్రవారం. డొమైన్ భద్రతకు తప్పనిసరి అని ఒక వీడియోలో చెప్తే పెట్టాను. అది మన పేరుతో దొంగ మెయిళ్లు పంపేవాళ్ల కోసం కదా, మా మెయిళ్లకు సంబంధం ఉంటుందనుకోలేదు. అందుకే రాయలేదు.

జోన్‌ఫైలు:
అదే కారణం.

తుదిఅంచు:
కొంచెం వివరంగా చెప్తాను, ఇక్కడ చాలామంది తడబడతారు.

ఎస్‌పీఎఫ్ చూసేది పాఠకుడికి కనిపించే ఫ్రమ్ అడ్రసును కాదు. లోపల ఎన్వలప్‌లో ఉండే రిటర్న్ పాత్ (చేరని మెయిళ్లు తిరిగొచ్చే అడ్రసు) డొమైన్‌ను చూస్తుంది. మీ విషయంలో అది సర్వీసు వాళ్ల డొమైన్. వాళ్ల డొమైన్‌కు వాళ్ల సర్వర్లకు అనుమతి ఉంది కాబట్టి పాస్. డీకిమ్ కూడా అంతే. సంతకం చేసింది వాళ్ల తాళంతో, వాళ్ల పేరు మీద. సంతకం చెల్లింది కాబట్టి పాస్.

డీమార్క్ ఈ రెండింటి మీదా ఇంకో ప్రశ్న వేస్తుంది: పాస్ అయిన డొమైనూ ఫ్రమ్‌లో కనిపించే డొమైనూ ఒకటేనా? దీన్నే అలైన్‌మెంట్ అంటారు. రెండింటిలో ఏ ఒక్కటి కుదిరినా డీమార్క్ పాస్. మీకు ఒక్కటీ కుదరలేదు. ఫెయిలైన మెయిళ్లను ఏం చేయాలని అడిగితే, పి=క్వారంటైన్ అని, అంటే అనుమానంగా చూడమని శుక్రవారం మీరే లోకానికి చెప్పారు. పెద్ద మెయిల్ సర్వీసుల్లో దాని అర్థం స్పామ్ ఫోల్డరే. అంతకుముందు ఏ పాలసీ లేదు కాబట్టి గడిచిపోయింది.

చెకర్ తప్పు కూడా కాదు. రికార్డు ఉందా, రాత సరిగ్గా ఉందా అన్నదే అది చూస్తుంది. మీరు పంపిన మెయిల్‌ను అది చూడనే లేదు.

అందుకే @పాతదారి గారు చెప్పిన ఇన్‌క్లూడ్ ఇక్కడ పనిచేయదు. ఎన్వలప్‌లో మీ డొమైన్ లేనప్పుడు మీ ఎస్‌పీఎఫ్ రికార్డును తెరిచి చూసేవాడే ఉండడు.

పాతదారి:
మా దగ్గర ఇన్‌క్లూడ్‌తోనే నడుస్తోంది మరి.

తుదిఅంచు:
మీ సర్వీసులో కస్టమ్ రిటర్న్ పాత్ ఆన్ చేసి ఉంటుంది, అప్పుడు ఎన్వలప్ మీ సబ్‌డొమైన్ పేరు మీద వెళ్తుంది. లేదా డీకిమ్ మీ పేరు మీద ఉండి అదే మోస్తూ ఉంటుంది. ఇన్‌క్లూడ్ తీసేసి చూడండి, తేడా రాకపోవచ్చు.

కీచైన్:
డీకిమ్ విషయానికి వస్తే, కీ ఎన్ని బిట్లో చూసుకున్నారా? ఎన్‌క్రిప్షన్ బలహీనంగా ఉంటే మిగతావన్నీ దండగ. 2012లోనే 512 బిట్ల కీలను బద్దలు కొట్టవచ్చని బయటపడింది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8301 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం 1024 కంటే తక్కువ వాడకూడదు, 2048 ఉంటే మంచిది. షా1 అనే పాత హ్యాష్ పద్ధతితో సంతకం అసలే వద్దు.

జోన్‌ఫైలు:
డీకిమ్ ఎన్‌క్రిప్షన్ కాదు. సంతకం.

కీచైన్:
ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ ఉన్నాయిగా. వాడుకలో అందరూ అలాగే అంటారు.

జోన్‌ఫైలు:
అందరూ అన్నా తప్పే. ఎన్‌క్రిప్షన్ అంటే మధ్యలో ఎవరూ చదవలేరని అర్థం. డీకిమ్ ఉన్న మెయిల్‌ను దారిలో ఎవరైనా చదవొచ్చు, మారిస్తే మాత్రమే దొరుకుతారు. ఈ మాట తెలియకే కొందరు డీకిమ్ ఉందని పాస్‌వర్డులు మెయిల్లో పంపుతారు.

కీచైన్:
సరే, సంతకమే. బిట్ల సంగతి మాత్రం నిజం. ఇంకొకటి, 2048 బిట్ల పబ్లిక్ కీ దాదాపు 400 అక్షరాలు ఉంటుంది. టెక్స్ట్ రికార్డులో ఒక్కో స్ట్రింగు 255 దాటకూడదు కాబట్టి రెండు ముక్కలు చేసి, ఒక్కొక్కటి కోట్స్‌లో పెట్టి, ఒకే రికార్డులో రాయాలి. కొన్ని డీఎన్ఎస్ ప్యానెళ్లు ఏమీ చెప్పకుండా 255 దగ్గర కోసేస్తాయి.

లేఖావళి:
ఇప్పుడు కొత్త సమస్య. ఆఫీసు మెయిల్‌బాక్సు నుంచి మామూలుగా పంపిన మెయిల్‌కు కూడా ఎస్‌పీఎఫ్=పెర్మ్‌ఎర్రర్ అని వస్తోంది. పొద్దున ఇది బాగానే ఉంది. అసలు ఏం జరుగుతోంది?

తుదిఅంచు:
ఇందాక కలిపిన ఇన్‌క్లూడ్‌ను పాత ఎస్‌పీఎఫ్ లైనులో చేర్చారా, కొత్తగా ఇంకో టెక్స్ట్ రికార్డు పెట్టారా?

లేఖావళి:
కొత్త రికార్డు. కలపమన్నారు కదా.

తుదిఅంచు:
వెంటనే అది తీసేయండి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే చూసే సర్వర్ రెండింటినీ వదిలేసి పెర్మ్‌ఎర్రర్ (రికార్డే తప్పు అన్న ఫలితం) ఇస్తుంది. ఎప్పుడైనా నిజంగా ఇన్‌క్లూడ్ అవసరమైతే ఉన్న లైనులోనే, చివరి ఆల్ (మిగతా సర్వర్లన్నిటికీ వర్తించే మాట) కంటే ముందు పెట్టాలి. ఆల్ తర్వాత రాసినదాన్ని ఎవరూ చదవరు.

ఇందులోనే ఇంకో గుంట ఉంది. ఒక్క ఎస్‌పీఎఫ్ తనిఖీలో డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. ఇన్‌క్లూడ్, ఏ, ఎంఎక్స్, రీడైరెక్ట్ లాంటివి లెక్కలోకి వస్తాయి. ఇన్‌క్లూడ్ లోపల ఉన్న ఇన్‌క్లూడ్‌లు కూడా కలుస్తాయి. నేరుగా అంకెల అడ్రసు రాసే ఐపీ4, ఐపీ6 లెక్కలోకి రావు. నాలుగైదు సర్వీసుల ఇన్‌క్లూడ్‌లు పెట్టుకున్నవాళ్లు పదకొండోది తగలగానే ఇదే పెర్మ్‌ఎర్రర్‌లో పడతారు. వాడటం మానేసిన సర్వీసులను తీసేస్తూ ఉండాలి.

ఇక అసలు పని, ఈ వరసలోనే చేయండి.

ముందు డీమార్క్‌ను పి=నన్‌కు, అంటే ఫెయిలైనా ఏమీ చేయొద్దన్న స్థితికి, దించండి. టీటీఎల్ (పాత జవాబును దాచుకునే సమయం, సెకన్లలో) 3600 అయితే గంటలోపు అంతటా మారిపోతుంది. రేపటి మెయిల్ గట్టెక్కాలంటే ముందు ఇది జరగాలి.

తర్వాత పంపే సర్వీసు సెట్టింగుల్లో డొమైన్ ఆథెంటికేషన్ లేదా సెండర్ డొమైన్ అని ఉంటుంది. అక్కడ మీ డొమైన్ ఇస్తే రెండు మూడు సీనేమ్ రికార్డులు (ఒక పేరు నుంచి ఇంకో పేరుకు దారి చూపేవి) చూపిస్తుంది. వాటిని డీఎన్ఎస్‌లో పెట్టి, వెనక్కి వచ్చి వెరిఫై నొక్కండి. సీనేమ్ పద్ధతిలో కీ వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి @కీచైన్ గారు చెప్పిన ముక్కల బాధ ఉండదు. కస్టమ్ రిటర్న్ పాత్ ఇస్తే అదీ పెట్టండి, ఎస్‌పీఎఫ్ కూడా కుదురుతుంది. సబ్‌డొమైన్ అయినా ఫర్వాలేదు. డీమార్క్ మామూలు సడలింపులో అసలు డొమైన్ ఒకటైతే చాలు.

కీచైన్:
పి=నన్‌కు దించమనడాన్ని నేను ఒప్పుకోను. నన్ అంటే రక్షణ ఏమీ లేదనే. ఇవాళ దించినవాళ్లు మళ్లీ ఎక్కించరు. ముందు డీకిమ్ సరిచేస్తే క్వారంటైన్ అలాగే ఉంచొచ్చు కదా?

తుదిఅంచు:
రేపు సాయంత్రానికి డీకిమ్ కుదురుతుందన్న హామీ ఉంటే ఉంచొచ్చు. లేదు. పైగా ఈ డొమైన్ పేరు మీద ఇంకా ఏవేవి మెయిల్ పంపుతున్నాయో వాళ్లకే తెలియదు. ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ కాంటాక్ట్ ఫారం, సపోర్ట్ టికెట్లు, ఇవన్నీ చూడాలి. నన్ పెట్టి, డీమార్క్ రికార్డులోని రూవా ట్యాగులో ఒక అడ్రసు ఇస్తే మామూలుగా రోజుకోసారి ఎక్స్‌ఎంఎల్ రిపోర్టులు వస్తాయి. ఏ ఐపీ నుంచి ఎన్ని వెళ్లాయి, ఏవి కుదిరాయి, ఏవి కుదరలేదు అన్నీ అందులో ఉంటాయి. రెండు మూడు వారాలు అవి చూశాక క్వారంటైన్, ఆ తర్వాతే రిజెక్ట్.

కీచైన్:
ఆ రెండు మూడు వారాల్లో దొంగ మెయిల్ వెళ్తే?

జోన్‌ఫైలు:
శుక్రవారం ముందు దాకా ఏ పాలసీ లేదు. అదే స్థితి.

మొలక_మార్కెటర్:
ఒకటి గుర్తుంచుకోండి, జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ ఉండాలి, డీమార్క్ కనీసం పి=నన్ ఉండాలి, అలైన్‌మెంటూ ఉండాలి. యాహూ కూడా అప్పుడే ఇలాంటి నిబంధనలే తెచ్చింది. ఒక్క క్లిక్కుతో చందా మానుకునే సౌకర్యం కూడా హెడర్‌లో ఉండాలి, మెయిల్ అడుగున లింకు ఒక్కటే చాలదు. లిస్ట్ అన్‌సబ్‌స్క్రైబ్, లిస్ట్ అన్‌సబ్‌స్క్రైబ్ పోస్ట్ అని రెండు హెడర్లు. లింకు తెరవగానే చందా తీసేసేలా మాత్రం రాయకండి, ఇందాక చెప్పిన స్కానర్లు మీ పాఠకులను వాళ్లకు తెలియకుండానే తీసేస్తాయి. పోస్ట్ రిక్వెస్టు (లింకు ఊరికే తెరిస్తే కాదు, బటన్ నొక్కితే వెళ్లేది) వస్తేనే తీయాలి.

లేఖావళి:
రెండో ఎస్‌పీఎఫ్ తీసేశాను, పెర్మ్‌ఎర్రర్ పోయింది. డీమార్క్ నన్ చేశాను. కానీ సీనేమ్‌లు పెట్టి గంటన్నర అయినా సర్వీసు వాళ్ల పేజీలో వెరిఫై కావడం లేదు. పేర్లు మూడుసార్లు సరిచూశాను, అక్షరం తేడా లేదు.

జోన్‌ఫైలు:
పేరు గడిలో ఏం రాశారు? ఉన్నది ఉన్నట్టు.

లేఖావళి:
సర్వీసు ఇచ్చిందే. ఎస్1._డొమైన్‌కీ.మాడొమైన్.కామ్

జోన్‌ఫైలు:
ప్యానెల్ మీ డొమైన్‌ను తనే చివర అంటిస్తుంది. ఇప్పుడు మీ రికార్డు ఎస్1._డొమైన్‌కీ.మాడొమైన్.కామ్.మాడొమైన్.కామ్ దగ్గర ఉంది. గడిలో ఎస్1._డొమైన్‌కీ వరకే రాయండి. డీఎన్ఎస్‌ను అడిగే ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌లో టైప్ సీనేమ్ పెట్టి రెండు పేర్లూ అడిగి చూడండి, ఎక్కడుందో తెలుస్తుంది.

తుదిఅంచు:
ప్యానెల్‌లో ప్రాక్సీ స్విచ్ ఉంటే ఈ సీనేమ్‌లకు ఆఫ్‌లో ఉంచండి. ఆన్‌లో ఉంటే బయటివాళ్లకు సీనేమ్ కనిపించదు, ప్రాక్సీ ఐపీ కనిపిస్తుంది. సరిచేశాక కూడా వెంటనే వెరిఫై కాకపోతే కంగారు పడకండి. సరైన పేరును ఇందాక అడిగినప్పుడు లేదన్న జవాబు వచ్చింది కదా, ఆ లేదన్నది కూడా కొంతసేపు క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంటుంది. ఎంతసేపన్నది మీ జోన్ (మీ డొమైన్ రికార్డుల మొత్తం) ఎస్ఓఏ రికార్డు చివరి అంకెను బట్టి ఉంటుంది. అది 3600 అయితే గంట దాకా పట్టొచ్చు. మాటిమాటికీ వెరిఫై నొక్కినందువల్ల త్వరగా కాదు.

పాతదారి:
నా దగ్గర ఇన్‌క్లూడ్ తీసి టెస్ట్ చేశాను. డీకిమ్ మీదే డీమార్క్ పాస్ అవుతోంది. తుదిఅంచు గారు అన్నదే నిజం.

లేఖావళి:
వెరిఫై అయింది. హెడర్‌లో డి=మాడొమైన్.కామ్, డీమార్క్=పాస్. టెస్ట్ మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడింది. అందరికీ థ్యాంక్స్.

కీచైన్:
రూవా అడ్రసు పెట్టారా? అది వేరే డొమైన్‌లోదైతే, రిపోర్టులు తీసుకోవడానికి ఒప్పుకున్నట్టు ఆ డొమైన్‌లో కూడా ఒక టెక్స్ట్ రికార్డు ఉండాలి. లేకపోతే రిపోర్టులు రావు.

గాలివాటం:
నాకూ ఇదే సమస్య. కాకపోతే నేరుగా పంపితే పాస్, పాఠకుడు వేరే అడ్రసుకు ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ చేసుకుంటే మాత్రం ఫెయిల్. నాకు ఎస్‌పీఎఫ్ ఒక్కటే కుదురుతోంది, డీకిమ్ లేదు.

జోన్‌ఫైలు:
ఫార్వర్డ్ చేస్తే పంపే ఐపీ మారుతుంది, ఎస్‌పీఎఫ్ విరుగుతుంది. డీకిమ్ పెట్టండి. ఇంకా ఫెయిలైతే హెడర్‌తో కొత్త పోస్టు వేయండి.