స్లో కుక్కర్‌లో చీజ్ డిప్, పితికిపప్పు డిప్ వేడిగా ఎట్లా పెట్టాలి?

ప్రశ్న: తిరుపతి, కొర్లగుంట నుంచి

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం సాయంత్రం మా మనవరాలి పుట్టినరోజు. మిద్దె మీద పెట్టుకున్నాం, పెద్దా చిన్నా కలిపి పాతిక మంది వస్తారు. కూతురు అమెరికా నుంచి వచ్చేటప్పుడు స్లో కుక్కర్ ఒకటి తెచ్చింది, సన్నటి సెగ మీద మెల్లగా ఉడికించే కరెంటు కుక్కర్ అది. అందులో చిప్స్ ముంచుకుని తినే చీజ్ డిప్ పెడితే మూడు గంటలైనా వేడిగా ఉంటుందంటోంది. నాకేమో మన పితికిపప్పుతో, అంటే పొట్టు తీసిన అనపగింజలతో, కూడా ఒకటి చేయాలని ఉంది, అనపకాయలు ఇప్పుడు మార్కెట్లో బాగా వస్తున్నాయి. పచ్చివన్నీ దాంట్లోనే వేసి ఉడికించుకోవచ్చా? చీజ్‌లో నూనె తేలకుండా ఎట్లా? పాలతో చేసింది అంతసేపు ఉంటే చెడిపోదా? పిల్లలు తినేది, అందుకే భయం.

జవాబు: చిత్తూరు, గిరింపేట నుంచి

అమ్మా, వంట సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. దానికి ముందు ఆ కుక్కర్ తిరగేసి అడుగున ఏం రాసుందో చూడండి. అమెరికాలో కొన్నదైతే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. నేరుగా పెడితే లోపలి కాయిల్ మూడున్నర రెట్లకు పైగా కరెంటు తాగుతుంది. 240 వాట్లది 880 వాట్ల దాకా పోతుంది. నిమిషాల్లో మాడిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు. అంగట్లో దొరికే అడాప్టర్ పిన్నును మాత్రమే మారుస్తుంది, వోల్టేజిని తగ్గించదు. మీకు కావాల్సింది 230 నుంచి 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. 240 వాట్ల కుక్కర్‌కి 500 వాట్లది తీసుకోండి, గంటల తరబడి నడవాలి కాబట్టి దాని శక్తిలో సగమే వాడేలా ఉండాలి. ప్రయాణాలకని అమ్మే చిన్న కన్వర్టర్లు ఇంతసేపు నడిపేందుకు చేసినవి కావు. దొరక్కపోతే ఆ కుక్కర్‌ను పక్కన పెట్టేయండి, మన రైస్ కుక్కర్‌లో ‘వార్మ్’ ఉంది కదా, దాంతో పని జరిగిపోతుంది.

అడిగినవారు:

అన్నా, మంచి మాట చెప్పినారు. ఇప్పుడే చూసినాను, 120 వోల్టులనే ఉంది. మా బిడ్డ పిన్ను అడాప్టర్ ఒకటే తెచ్చింది. రేపే గాంధీ రోడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ అడుగుతాం. ఇంక వంట సంగతి చెప్పండి ఎవరైనా.

జవాబు: తిరుపతి, ఎం.ఆర్.పల్లి నుంచి

అక్కా, ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: వండేది పొయ్యి మీద, వేడిగా నిలబెట్టేది స్లో కుక్కర్‌లో. పార్టీ డిప్‌లకు ఇదే పద్ధతి. దాంట్లోని ‘వార్మ్’ చల్లటి దాన్ని వేడి చేయలేదు, వేడిగా ఉన్నదాన్ని చల్లారకుండా కాపాడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసింది అందులో పెడితే గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, క్రిములు పెరిగేది అప్పుడే. డిప్ ఎప్పుడూ 60 డిగ్రీల సెల్సియస్ పైనే ఉండాలి. వంటకు వాడే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే గంటకోసారి గుచ్చి చూసుకోవచ్చు. పిల్లలు తినే చోట నేనైతే అది లేకుండా పెట్టను.

చీజ్ సంగతి. నూనె తేలేది ఎక్కువ సెగ వల్ల. డిప్‌కి ప్రాసెస్డ్ చీజే మేలు. విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు దాంట్లో కలిపి ఉంటారు, గంటలు గడిచినా నున్నగా ఉంటుంది. మొజరెల్లా ఒక్కటే వేస్తే తీగలు సాగి ముద్ద కడుతుంది. రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, అరలీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. చిక్కబడినాక పొయ్యి ఆపేయండి. ఆపినాకే అర కిలో చీజ్ తురుము గుప్పెడు గుప్పెడుగా వేయాలి, ఒక గుప్పెడు పూర్తిగా కరిగితేనే ఇంకో గుప్పెడు. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత అట్లే నిలబడాలి, అదీ పదును. గట్టిపడుతుంటే వేడి పాలు పోసుకోండి, చల్లటివి వద్దు. టమాటా వేసేటట్టుంటే విడిగా నీరు ఇంకిపోయేదాకా మగ్గబెట్టి వేయండి, లేదంటే డిప్ పలచబడుతుంది. నిమ్మకాయ, పెరుగు దీని జోలికి రానీయకండి, పులుపుకి పాలు విరుగుతాయి.

పితికిపప్పు డిప్ అన్నారు చూడండి, నాకు భలే నచ్చింది. బేకరీ చిప్స్ పక్కన మన చిత్తూరు రుచి ఒకటి ఉండాల్సిందే. అనపగింజలు రాత్రి నానేసి, పొద్దున బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే పప్పు పొట్టులోంచి టుప్పుమని జారి వస్తుంది. పాతిక మందికి అంటే చానా పని, ఇంట్లో వాళ్లందరినీ కూర్చోబెట్టండి. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, అల్లం, పచ్చిమిర్చి, దనియాలు, చెక్క, లవంగం, కొబ్బరి నూరి, నూనెలో వేయించి, పప్పు వేసి మెత్తగా ఉడకనివ్వండి. పులుపు ముందే పడితే గింజ ఉడకదు, చివరలో నిమ్మరసం పిండండి. పప్పుగుత్తితో ఎనపండి, మిక్సీ వేస్తే జిగురొస్తుంది. కొంచెం పప్పు పలుకుగా మిగలాలి. దీన్ని ముంచుకోవడానికి నిప్పట్లు, మురుకులు, కాల్చిన బ్రెడ్డు పెట్టండి.

పప్పు దొరక్క ఎవరైనా రాజ్మా వేసుకుందామనుకుంటే మాత్రం పచ్చి గింజ స్లో కుక్కర్‌లో వేయొద్దు. రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, అది నానబెట్టి, నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరిగిస్తేనే పోతుంది. స్లో కుక్కర్ వేడి అంత దూరం పోకపోవచ్చు. సగం ఉడికింది తింటే వాంతులు, విరేచనాలు ఖాయం. ముందు ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించాల్సిందే.

వడ్డించే ముందు కుక్కర్ గిన్నెలో వేడినీళ్లు పోసి ‘హై’ మీద అరగంట ఉంచి, పారబోసి, తుడిచి, అప్పుడు మరిగే డిప్ పోయండి. గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతులు నిండాలి. మూత కింద పలుచటి నూలుగుడ్డ కడితే ఆవిరి నీళ్లు డిప్‌లో పడవు. గుడ్డ అంచులు మూత మీదికి ముడేసేయండి, వేడి బేస్‌కి తగలకూడదు. అరగంటకోసారి అడుగు నుంచి కలపండి. ఇంకోటి, అందరూ అదే గిన్నెలో ముంచితే ఎంగిలి. గరిటె, చిన్న కాగితం కప్పులు పక్కన పెట్టి ఎవరికి వారు పోసుకునేలా చేయండి. మూత తెరిచి వదిలేస్తారు, దానికి ఒకరిని కాపలా పెట్టండి.

అడిగినవారు:

చెల్లీ, కళ్లకు కట్టినట్టు చెప్పినావు. రెండు డిప్‌లకు కుక్కర్ ఒకటే ఉంది కదా, ఏది దేంట్లో? మధ్యలో కరెంటు పోతే? మిగిలితే మర్నాటికి పనికొస్తుందా?

జవాబు: తిరుపతి, ఎం.ఆర్.పల్లి నుంచి

చీజ్ స్లో కుక్కర్‌లో, పితికిపప్పు రైస్ కుక్కర్ ‘వార్మ్’ మీద పెట్టండక్కా. చీజ్ రైస్ కుక్కర్‌లో అడుగంటుతుంది, పప్పుకి ఆ బాధ తక్కువ. కరెంటు పోతే మూత తీయకుండా ప్లగ్ పీకి, పైన మందపాటి టవల్ చుట్టండి, ఆ పింగాణీ గిన్నె వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది. కరెంటు వచ్చినాక థర్మామీటర్ పెట్టి చూడండి. 60 డిగ్రీల కిందికి దిగిపోయి ఎంతోసేపు కాలేదంటే పొయ్యి మీద మరిగించి మళ్లీ పోసుకోవచ్చు. రెండు గంటలు దాటితే పారబోయండి, ఎంత బాగున్నా సరే.

మిగిలిందాన్ని ఆ గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మధ్యలో చల్లబడేసరికి అర్ధరాత్రి అవుతుంది. వెడల్పాటి బోకుల్లో పలచగా పోసి చల్లార్చి పెట్టండి. మర్నాడు పొయ్యి మీద ఆవిర్లు వచ్చేదాకా కాచి తినండి. చల్లటి పింగాణీ గిన్నె వేడి బేస్ మీద కానీ, వేడి గిన్నె తడి గ్రానైట్ మీద కానీ పెడితే పగులుతుంది, కింద గుడ్డ వేయండి. వైరు గోడవైపు తిప్పి, టేప్ వేసి అంటించేయండి. పిల్లలు పరిగెత్తే మిద్దె కదా.