ఇన్వర్టర్‌పై నడిపితే మోటారులో అదనపు నష్టం ఎక్కడ పుడుతుంది?

ప్రశ్న:
ఒక ఇండక్షన్ మోటారును 50 హెర్ట్జ్ లైనుపై నేరుగా నడిపినప్పటికంటే, అదే లోడుతో, అదే వేగంతో ఇన్వర్టర్‌పై (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌పై) నడిపినప్పుడు బాడీ ఎక్కువగా వేడెక్కుతోంది. క్లాంప్ మీటరు చూపే కరెంటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? స్విచింగ్ ఫ్రీక్వెన్సీని (ఇన్వర్టర్‌లోని స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ అవుతాయో ఆ సంఖ్యను) 4 కిలోహెర్ట్జ్ నుంచి 12కు పెంచితే తగ్గుతుందా?

మొదటి సమాధానం:
కరెంటు మారలేదంటే స్టేటర్ (మోటారులో కదలని భాగం) చుట్లలోని రాగి నష్టం పెద్దగా పెరగలేదని మాత్రమే అర్థం. ఇన్వర్టర్ ఇచ్చేది సైన్ తరంగం కాదు, తన లోపలి డీసీ వోల్టేజీని కోసి పంపే పల్సుల వరుస. ఆ పల్సుల వల్ల పుట్టే హార్మోనిక్ కరెంట్లను (మూల ఫ్రీక్వెన్సీకి మించిన ఫ్రీక్వెన్సీల కరెంట్లను) మోటారు చుట్ల లీకేజీ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటును అడ్డుకునే గుణం) చాలావరకు అణచివేస్తుంది కాబట్టి మీటరుకు తేడా తెలియదు. అయితే వోల్టేజీ మారిన ప్రతిసారీ ఇనుప కోర్‌లోని అయస్కాంత ఫ్లక్స్ చిన్నగా ఊగుతుంది. ప్రతి ఊపుకూ హిస్టరిసిస్ వక్రంలో (ఇనుము అయస్కాంతీకరణ మారేటప్పుడు శక్తి ఖర్చును చూపే వక్రంలో) ఒక చిన్న లూపు ఏర్పడి, లామినేషన్లలో (కోర్‌లోని పల్చటి ఇనుప రేకుల్లో) ఎడ్డీ కరెంట్లు, అంటే సుడి కరెంట్లు పుట్టి, ఇనుప నష్టం పెరుగుతుంది. రోటారు (తిరిగే భాగం) సంగతి ఇంకా ముఖ్యం. హార్మోనిక్‌ల దృష్టిలో రోటారు దాదాపు ఆగి ఉన్నట్టే లెక్క, అంటే స్లిప్ (తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే రోటారు ఎంత వెనకబడిందో చూపే నిష్పత్తి) ఇంచుమించు 1. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు రోటారులోని లోహపు బార్ల పై అంచుకే పరిమితమవుతుంది కనుక బార్ల నిరోధం ఎన్నో రెట్లు పెరిగి, కొద్దిపాటి హార్మోనిక్ కరెంటే గణనీయమైన వేడిని పుట్టిస్తుంది.

రెండవ సమాధానం:
స్విచింగ్ ఫ్రీక్వెన్సీ పెంచితే కరెంటు రిపుల్ (కరెంటులోని చిన్న ఊగిసలాట) తగ్గి మోటారుకు కొంత ఊరట కలుగుతుంది. కానీ ఇన్వర్టర్‌లోని ఐజీబీటీలు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) మారే ప్రతిసారీ శక్తి ఖర్చవుతుంది కాబట్టి స్విచింగ్ నష్టం ఆ ఫ్రీక్వెన్సీకి అనుపాతంగా పెరుగుతుంది, అంటే 12 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు మూడింతలవుతుంది. మోటారు బాడీని తాకి చూసి నిర్ణయించకుండా, లైను నుంచి ఇన్వర్టర్ తీసుకునే మొత్తం పవర్‌ను రెండు సెట్టింగుల్లోనూ కొలిచి పోల్చండి. నా అభిప్రాయంలో 12కు వెళ్లాల్సిన అవసరం సాధారణంగా శబ్దం తగ్గించడానికే వస్తుంది. మోటారు వాటా విడిగా తెలియాలంటే, లోడు తీసేసి, ఒకసారి లైనుపై, ఒకసారి ఇన్వర్టర్‌పై 50 హెర్ట్జ్ దగ్గరే నడిపి, మోటారు టెర్మినళ్ల దగ్గర ఇన్‌పుట్ పవర్ తేడా చూడండి. అదనపు నష్టం లోడుతో పెద్దగా మారదు కాబట్టి ఈ అంచనా చాలావరకు సరిపోతుంది. పల్సుల వోల్టేజీని సరిగా కొలవాలంటే బ్యాండ్‌విడ్త్ తగినంత ఉన్న పవర్ అనలైజర్ తప్పనిసరి.

మూడవ సమాధానం:
ఆ మోటారు ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరిగేదైతే ఇన్వర్టర్ వల్ల శక్తి ఆదా ఏమీ ఉండదు, నష్టమే మిగులుతుంది. స్టార్టయ్యాక బైపాస్ కాంటాక్టర్‌తో (ఇన్వర్టర్‌ను తప్పించి నేరుగా కలిపే స్విచ్‌తో) లైనుకు మార్చడం మేలు. నీటిని ఎత్తుకు తోడాల్సిన పని లేని పంపును లేదా ఫ్యాన్‌ను 80 శాతం వేగంతో నడపగలిగితే షాఫ్ట్‌పై అవసరమయ్యే పవర్ సుమారు సగానికి పడిపోతుంది, ఆ ఆదా ముందు హార్మోనిక్ నష్టం చాలా చిన్నది.